మొరాయించని బండి

మొన్న మా చెల్లెలి మనవడు కొత్త జీపు కొన్నాడు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, బానెట్టుకి పసుపూ కుంకుమా రాసి, నన్నెక్కించుకుని భోగాపురం దాకా తిప్పుతానని ఇంటి ముందు ఆపాడు. ఎక్కనన్నాను. మోకాళ్ళ నొప్పులనుకుని లోపలికెళ్ళి పీట తెచ్చి వేశాడు. పీట కాదురా నాయనా, నాకా బండంటే ఒళ్ళు మంట అన్నాను. వాడు నవ్వి బండి పురాణం విప్పాడు. యుద్ధం కోసం అమెరికావాళ్ళు ఆఘమేఘాల మీద చేయించిన బండట. తుపాకులు లాగిందట, గాయపడ్డవాళ్ళని మోసిందట, దాని బానెట్టు మీద పటాలు పరుచుకుని దారులు చూసుకున్నారట, అక్కడే అన్నాలూ తిన్నారట. ఆ పేరెలా వచ్చిందో ఇప్పటికీ సరిగ్గా తేలలేదట. అంతా చెప్పి చివర్లో, నమ్మకానికి మారుపేరు మామ్మా, ఎప్పుడూ మోసం చెయ్యదు అన్నాడు. ఆ ఒక్క మాటకి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాడి మీద గట్టిగా అరిచేశాను. పాపం బిక్కమొహం వేసుకుని బండి తీసుకుని వెళ్ళిపోయాడు. వాడి తప్పేమీ లేదు, అందుకే ఇది రాస్తున్నాను.

వాడు చదివి తెలుసుకున్న చరిత్రలో ఇటువైపు ముక్క నాకు బాగా తెలుసు. యుద్ధం అయిపోయాక మిగిలిపోయిన జీపుల్ని విశాఖపట్నంలో వేలం వేశారు. చీపురుపల్లి మిల్లు షావుకార్లు కొందరు కొనుక్కొచ్చారు. వాటికి స్టీరింగు ఎడమవైపు ఉండేది. ముందు పోయే ఎడ్లబండిని దాటాలంటే ఎదురేమొస్తుందో కనబడక డ్రైవరు సగం లేచి తొంగిచూసేవాడని మా నాన్న నవ్వుతూ చెప్పేవాడు. తర్వాత బొంబాయిలో విడిభాగాలు దింపుకుని ఇక్కడే బిగించారు, ఆపైన ఇక్కడే తయారు చేశారు. స్టీరింగు కుడివైపుకి వచ్చింది. అప్పుడు పంచాయతీ సమితి ఆఫీసులకి తలా ఒకటి ఇచ్చారు. పల్లెలకి అభివృద్ధి మోసుకెళ్ళడానికని చెప్పి ఇచ్చారు. ఏం మోసుకెళ్ళిందో చెప్తాను.

మా పుట్టింటి ఊరు వంశధారకి దగ్గర్లో, మెట్ట చేలకీ వరి మళ్ళకీ మధ్యన ఉండేది. ఊరికీ పెద్ద రోడ్డుకీ మధ్య ఒక గెడ్డ, అంటే చిన్న వాగు. వానాకాలం నిండా పారేది. దాటాక నల్లరేగడి బురద. బస్సు వచ్చేది కాదు, ఎడ్లబండి ఇరుసుదాకా దిగబడేది. మా అమ్మ ఆ బురదకి దణ్ణం పెట్టుకునేది. అది ఉన్నన్నాళ్ళూ జప్తుకొచ్చే అమీను రాడు, ఆఫీసరు రాడు, చేతికర్రతో బెదిరించేవాడెవడూ రాడు అనేది. మాకు కోటా కందకమూ అన్నీ ఆ గెడ్డే.

ఆ గెడ్డని దాటింది జీపు. డ్రైవరు ఒడ్డున ఆపి, ఇంజను మీదికి నీళ్ళు చిమ్మకుండా ఫ్యాను బెల్టు ఊడదీసి భుజాన వేసుకుని, ముందువైపు గోనెపట్టా కట్టి, పెద్ద గేరు కర్ర పక్కనుండే చిన్న కర్రని లాగేవాడు. నాలుగు చక్రాలూ ఒక్కసారి పట్టేవి. బురదా నీళ్ళూ చిమ్ముకుంటూ అవతలి గట్టెక్కి నిలబడేది. ఒక్కసారి కూడా మొరాయించింది లేదు. అది మొరాయించి ఉంటే మా ఊరు బాగుపడి ఉండేదని ఇప్పటికీ అనుకుంటాను.

మొదట లెవీ ధాన్యం కోసం వచ్చింది. ప్రభుత్వానికి ఇన్ని బస్తాలివ్వాలని ఇంటింటా దూరి గాదెల్లో చేతులు పెట్టారు. అప్పుడే మా ఊరి ఆడవాళ్ళు ఒక కేక కనిపెట్టారు. చేలో ఉన్నవాళ్ళకి గెడ్డ అవతల జీపు రొద ముందుగా వినబడుతుంది. విన్న మనిషి నడుం మీద చెయ్యి పెట్టుకుని, "వానొస్తన్నాది, సోళ్ళెత్తండో" అని అరుస్తుంది. ఎండబోసిన చోళ్ళు, అదే రాగులు, ఎత్తుకోమన్నట్టే ఉంటుంది. ఆకాశం నీలంగా, మబ్బుతునక లేకుండా ఉన్నా అదే కేక. ఒక చేలోంచి ఇంకో చేలోకి, అక్కణ్ణుంచి ఊళ్ళోకి పాకేది. ఆఫీసర్లు ఊరు చేరేసరికి గింజలూ ఉండేవి కావు, మనుషులూ ఉండేవారు కారు.

లెవీ తర్వాత కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల కాలం వచ్చింది. జీపు మీద ఎర్ర త్రికోణం గీశారు. పిల్లలు చాలనుకున్న మగవాళ్ళకి చిన్న ఆపరేషను, అందులో తప్పు లేదు, నేనూ పదిమందికి చెప్పినదాన్నే. కానీ సమితి ఆఫీసరుకి పై నుంచి ఇంతమందిని చూపించాలని ఒత్తిడి. ఆయనకి పిల్లలున్నవాడూ లేనివాడూ ఒకటే, తలకాయ ఉంటే చాలు. ఒక ఏడు వానలకి ముందే ఒక పని చేశారు. పొరుగూరి ఆసామినొకణ్ణి జీపులో కూర్చోబెట్టి, మా ఊరి మధ్యకి తీసుకొచ్చి, చలిజ్వరానికి మాత్రలిస్తున్నారు రండిరా అని అతనిచేతే కేకేయించారు. తెలిసిన గొంతు కదా అని మగవాళ్ళు వచ్చారు. వెనకాల ట్రాలీలో ఎక్కించుకుని పోయారు. మర్నాడు కాళ్ళు ఎడంగా పెట్టుకుని నడుచుకుంటూ తిరిగొచ్చారు. అప్పట్నుంచీ జీపులోంచి దేవుడే పిలిచినా పలకకూడదని ఊరంతా ఒట్టు పెట్టుకున్నారు. ఆ ఆపరేషనంటే కోడెకి నొక్కి ఎద్దుని చేసినట్టు మగాడికి చేసేస్తారని ఊళ్ళో ఒక నమ్మకం. నేను ఎంత చెప్పినా అది పోలేదు.

నేనప్పుడు సమితి కేంద్రంలో ఉన్న చిన్న ఆసుపత్రిలో నర్సుని. పురుళ్ళు పోయడం నా పని. నా నోరు మంచిది కాదని ఆఫీసులో పేరు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ కదా, ఆ పేరు రాకేం చేస్తుంది?

మాకు ఒక్కడే తమ్ముడు. పెళ్ళయిన చాలా కాలానికి గాని మరదలు కడుపుతో నిలవలేదు. మా అమ్మ శ్రీముఖలింగం వెళ్ళి మొక్కుకుని వచ్చాక నిలిచింది. మరదలికి పుట్టింట తల్లి లేదు, అందుకని తొలి కాన్పు మా ఇంట్లోనే చేయాలనుకున్నారు. భాద్రపదంలో ఒక పొద్దున్న తమ్ముడు సైకిలు తొక్కుకుంటూ ఆసుపత్రికి వచ్చాడు. బురదలో సైకిలే వాణ్ణి మోసిందో, వాడే సైకిల్ని మోసుకొచ్చాడో, మొలదాకా మట్టి. ముందు రోజు నుంచీ నొప్పులట. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసిందట. చెప్తూ చెప్తూ నా కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాడు. అడ్డం తిరిగిన బిడ్డని ఇంటి దగ్గర తియ్యడం నా వల్ల కాదు, శ్రీకాకుళం పెద్దాసుపత్రికి పోవాలి. ఎడ్లబండి మీదైతే తల్లీ మిగలదు, పిల్లా మిగలదు. వాణ్ణి రెక్క పట్టుకుని లేపి సమితి ఆఫీసుకి ఈడ్చుకెళ్ళాను.

జీపు గుమ్మంలోనే ఉంది. ఆఫీసరు ఇవ్వనన్నాడు. శ్రీకాకుళంలో ఆపరేషన్ల క్యాంపు జరుగుతోందట, జనాన్ని తరలించాలట, పురిటి కేసులకి వాడే వీల్లేదట. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అనలేదు. నేను నోటికొచ్చినట్టు మాట్లాడాను. ఉద్యోగం పీకేస్తే పీకేయండి, ఆ పిల్ల చస్తే మీ గుమ్మంలోనే పాడె దింపిస్తానన్నాను. ఆయన కోపంగా లేచాడు గాని, గోడవార నిలబడి ఏడుస్తున్న నా తమ్ముడి మీద చూపు పడేసరికి ఆగాడు.

"మీ తమ్ముడా? పెళ్ళయిన మనిషేనన్నమాట. సరే, తీసుకెళ్ళండి. గుమస్తాని వెంట పంపుతాను, ఆసుపత్రిలో మాటసాయం చేస్తాడు" అన్నాడు.

ఆయన మనసు కరిగిందనుకున్నాను. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాను. ఆ దణ్ణం తల్చుకుంటే ఇప్పటికీ చేతులు నరుక్కోవాలనిపిస్తుంది.

జీపు ఒక్క సెల్ఫుకే అందుకుంది. డ్రైవరు పక్కన నేను, వెనకాల తమ్ముడూ గుమస్తా. దారంతా డ్రైవరు బండిని పొగుడుతూనే ఉన్నాడు. ఎంత గొయ్యిలో పడ్డా లేస్తుంది, నూనె తక్కువైనా నడుస్తుంది, తాళం చెవి లేకపోయినా నడుస్తుంది అంటాడు. గెడ్డ దగ్గర నీళ్ళు మోకాలు దాటి ఉన్నాయి. బెల్టు తీశాడు, గోనె కట్టాడు, దింపాడు. నా పాదాల కిందుగా నీళ్ళు పారుతుంటే అవతలికి చేర్చేశాడు. గట్టెక్కగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంక మరదలు బతికినట్టే అనుకున్నాను.

అప్పుడు వినబడింది ఆ కేక. కుడివైపు చోడి చేలో ఎవరో ఆడమనిషి. మిట్టమధ్యాహ్నం, కళ్ళు చెదిరే ఎండ. "వానొస్తన్నాది, సోళ్ళెత్తండో." దానికి బదులుగా ఊరివైపు నుంచి ఇంకో గొంతు. తమ్ముడు వెనకాల నిలబడి చేతులూపుతూ, నానే, నానేనర్రా, ఎల్లకండి అని గొంతు చించుకున్నాడు. వాణ్ణి చూసినవాళ్ళు చూసినట్టే పరుగు పెంచారు. వాణ్ణి పట్టేసుకున్నారని, పట్టుకుని వాడిచేత పిలిపిస్తున్నారని అనుకున్నారు. అనుకోరా మరి? ముందు చేసింది అదే కదా.

ఇంటికెళ్ళేసరికి తలుపులు బార్లా తీసి ఉన్నాయి. పొయ్యి మీద వేణ్ణీళ్ళు కాగుతున్నాయి. మంచం లేదు, మరదలు లేదు, అమ్మ లేదు. నట్టింట నెత్తురు చుక్కలు, పెరటి గుమ్మం దాకా, ఆపైన గోగు చేనుదాకా. భాద్రపదంలో మా వైపు నారకోసం వేసిన గోగు రెండు నిలువులు పెరిగి ఉంటుంది. అందులో దూరిన మనిషి పక్కనున్నా కనబడడు. అడ్డం తిరిగిన బిడ్డ ఉన్న మనిషిని మంచంతో సహా ఎత్తుకుని ఆ బురదలో, ఆ ముళ్ళ కాడల మధ్య పరిగెత్తారు. డ్రైవరు మంచివాడే, సాయం చేద్దామని హారను మోగించడం మొదలెట్టాడు. అది మోగినప్పుడల్లా వాళ్ళు ఇంకా లోపలికి పోయారు. ఆపరా నీ అమ్మకడుపు మాడా అని అరిచాక ఆపాడు.

నేనూ తమ్ముడూ చెరోవైపు దూరాం. గోగు ముళ్ళు చేతులు గీసేస్తున్నాయి. అమ్మా నేనే, నీ కూతుర్నే, ఆసుపత్రికి తీసుకెళ్ళడానికొచ్చానని కేకలేస్తూ తిరిగాను. ఒక్క ఆకు కదల్లేదు. పొద్దు పడమటికి వాలింది. చివరికి ఎక్కడో చాలా దగ్గర్లో, నోరు నొక్కితే వచ్చే మూలుగు వినబడింది. కాడలు విరుచుకుంటూ వెళ్ళాను. బురదలో మంచం. మంచం మీద మరదలు, మొహం తెల్లగా పాలిపోయి ఉంది. మా అమ్మ దాని తలాపున కూర్చుని తన పైటకొంగు దాని నోట్లో కుక్కి పట్టుకుని ఉంది. మోసుకొచ్చిన మగవాళ్ళు నన్ను చూసి లేవబోయారు.

నాకు కన్నతల్లి మీద చెయ్యెత్తేంత కోపం వచ్చింది. నా గొంతు వినబడలేదా, చెవుడొచ్చిందా నీకు అన్నాను. అమ్మ కొంగు తియ్యకుండానే నా మొహంలోకి చూసింది.

"నీ గొంతు ఇన్నాను. ఆడి గొంతూ ఇన్నాను. ఇనే పలకలేదు. జీపు మనకోసం వస్తాదని ఎవులనుకుంతారే?"

తమ్ముణ్ణి పిలిచాను. వాడూ ఆ మగవాళ్ళూ మంచం ఎత్తారు. అమ్మ వెనకాలే వచ్చింది గాని జీపు ఎక్కలేదు. దాని మీద చెయ్యి కూడా వెయ్యలేదు. కొడుకు ఎక్కుతుంటే వాడి చొక్కా పట్టుకుని, నువ్వెల్లకురా, అక్క ఎల్తాది కదా అని బతిమాలింది. పెళ్ళాం చావుబతుకుల్లో ఉంటే ఇంట్లో కూర్చోమంటావేంటి అని నేనే ఆవిడ చెయ్యి విడిపించాను.

మళ్ళీ అదే గెడ్డ, అదే బురద. బండి ఎక్కడా ఆగలేదు. మరదలి తల నా ఒళ్ళో పెట్టుకుని, కుదుపు వచ్చినప్పుడల్లా గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. వదినా, పిల్లాడు కదలట్లేదు అని ఒక్కసారి అంది, అంతే. పొద్దుగూకే వేళకి శ్రీకాకుళం చేరాం. లేడీ డాక్టరు చూసీ చూడగానే లోపలికి తీసుకెళ్ళింది. నేనూ నర్సునే కాబట్టి నన్ను లోపలికి రానిచ్చారు. తమ్ముణ్ణి వరండాలో గుమస్తా పక్కన కూర్చోబెట్టి వెళ్ళాను.

బిడ్డ మగపిల్లాడు. చచ్చి పుట్టాడు. ఎంతసేపయిందని డాక్టరుని అడిగాను. మధ్యాహ్నం తీసుకొచ్చి ఉంటే దక్కేవాడేమో అంది. మధ్యాహ్నమే జీపు మా గుమ్మంలో ఉంది. గోగు చేలో మేము అరుచుకుంటూ తిరిగిన ఆ కాసేపే మాకు లేకుండా పోయింది. మరదలు మాత్రం బతికింది. కళ్ళు తెరిచి నా మొహం చూసి అర్థం చేసుకుని గోడవైపు తిరిగిపోయింది. ఏడవకే, ప్రాణం దక్కింది, ఏడాది తిరిగేసరికి మళ్ళీ కంటావు, నేనే పురుడు పోస్తాను అని దాని వీపు రాశాను. డాక్టరు కూడా గర్భసంచికేమీ కాలేదు, భయం లేదంది. ఆ ధైర్యంతో, అదే మాట తమ్ముడికి చెబుదామని బయటికి వచ్చాను.

వరండాలో వాడు లేడు. గుమస్తా కూడా లేడు. పక్క కట్టడంలో దీపాలు వెలుగుతున్నాయి. గుమ్మానికి ఎర్ర త్రికోణం గుడ్డ కట్టి ఉంది. అది క్యాంపు. ఆఫీసరు గోడవార నిలబడ్డ నా తమ్ముణ్ణి ఎందుకు చూశాడో, గుమస్తాని ఎందుకు వెంట పంపాడో, నా మట్టిబుర్రకి అప్పుడెక్కింది. పరిగెత్తాను. నేను మెట్ల దగ్గరికి చేరేసరికి నా తమ్ముడు ఎదురొస్తున్నాడు. కాళ్ళు ఎడంగా వేసుకుంటూ, మెల్లగా. భుజం మీద కొత్త తువ్వాలు. క్యాంపులో చేయించుకున్నవాళ్ళకి ఇచ్చే తువ్వాలది. నన్ను చూసి నవ్వాడు.

"అక్కా, దానికి రగతం తక్కువైనాదంట. నాను ఇచ్చీసినాను. మరేటీ బయం నేదంట" అన్నాడు.

చెయ్యి చూపించరా అన్నాను. చూపించలేదు. తల దించుకున్నాడు. ఎక్కడ తీశారురా అని గద్దించాను. ఆడపిల్లవి నీకెలా సెప్పనక్కా అని సిగ్గుపడ్డాడు. పురిటి మనిషికి ఇచ్చేది మొగుడి రక్తమే అవ్వాలట, అది అక్కణ్ణుంచే తియ్యాలట. గుమస్తా చెప్పాడట. మరి నీకు అనుమానం రాలేదా అంటే, నువ్వనుకున్నది కాదక్కా, ఎద్దుకి నొక్కినట్టు ఏమీ నొక్కలేదు, చిన్న గాటు పెట్టి రక్తం తీశారంతే, అన్నీ బాగానే ఉన్నాయి అన్నాడు.

వాడి వెనకాల గుమస్తా నిలబడి ఉన్నాడు. నా చేతిలోకి చెప్పు ఎప్పుడొచ్చిందో తెలీదు. వాడి మొహం మీద, నెత్తి మీద, చెయ్యి అడ్డం పెట్టుకుంటే చేతి మీద కొట్టాను. నీ వంశం నాశనమైపోను, నువ్వు పురుగులు పడి పోతావురా అని నడిరోడ్డు మనిషిలా శాపనార్థాలు పెట్టాను. ప్యూన్లు వచ్చి నా రెక్కలు పట్టుకున్నారు. వదలమని గింజుకున్నాను. నా తమ్ముడు బెదిరిపోయి అందరి మొహాలూ చూశాడు. అక్కా, బిడ్డ పోయినాడా అని అడిగాడు. అవునని తల ఊపాను.

వాడు నొప్పితో ఒక మెట్టు దిగి నా దగ్గరికి వచ్చి, ప్యూన్ల చేతులు తప్పించి, భుజం మీది ఆ కొత్త తువ్వాలుతో నా కళ్ళు తుడిచాడు.

"ఊరుకోక్కా. అది బతికినాది కదా. ఇదే ఆకరా ఏటి, మళ్ళీ పుడతారు."